అభిమాని గాయకుడైన తర్వాత: ‘రాక్ స్టార్’ స్క్రీన్‌ప్లేపై ఒక కేస్ స్టడీ

ఒక బ్యాండ్‌ను ప్రాణంగా ప్రేమించే అభిమాని చివరికి అదే బ్యాండ్‌కు ముఖ్య గాయకుడవుతాడన్న కథాంశం ఒక్క వాక్యంలోనే నిండుగా వినిపిస్తుంది, కథా చర్చల్లో అలాంటి వాక్యానికి ఎవరైనా వెంటనే తల ఊపుతారు. చిక్కంతా రెండో వాక్యం దగ్గర మొదలవుతుంది: గాయకుడయ్యాక ఏం జరుగుతుంది? ఇతరులు రాసిన స్క్రిప్టులు చదివి, కథ ఎక్కడ నిలబడిందో ఎక్కడ జారిందో రాతలో పెట్టి ఇవ్వడం నా వృత్తి. సంగీతం చుట్టూ అల్లిన స్క్రిప్టు చేతికి వచ్చినప్పుడల్లా, 2001లో వచ్చిన ‘రాక్ స్టార్’ అనే అమెరికన్ సినిమాను నేను ఉదాహరణగా ముందు పెట్టుకుంటాను. అది గొప్ప సినిమాల జాబితాలో చేరేది కాకపోయినా, ఫస్టాఫ్‌లో దాదాపు ప్రతి నిర్ణయమూ సరిగ్గా తీసుకుని, సెకండాఫ్‌లో ఒకే ఒక్క నిర్ణయం వల్ల పట్టు కోల్పోయిన సినిమా. లోపం అలా ఒకే చోట ఉన్నప్పుడు దాన్ని విడదీసి చూడటం సులువు.

సినిమా, దాని వెనక ఉన్న సంఘటన

స్టీఫెన్ హెరెక్ దర్శకత్వంలో, జాన్ స్టాక్‌వెల్ రాసిన స్క్రీన్‌ప్లేతో తయారైన ఈ సినిమాను వార్నర్ బ్రదర్స్ 2001 సెప్టెంబరు 7న అమెరికాలో విడుదల చేసింది. కథానాయకుడు క్రిస్ కోల్‌గా మార్క్ వాల్‌బర్గ్, అతని ప్రేయసి, బ్యాండ్ వ్యవహారాలు చూసుకునే ఎమిలీగా జెన్నిఫర్ ఆనిస్టన్ నటించారు. సుమారు 5.7 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన ఈ సినిమాకు ప్రపంచమంతటా కలిపి 2 కోట్ల డాలర్లు కూడా రాలేదు. విడుదలైన నాలుగు రోజులకే సెప్టెంబరు 11 దాడులు జరిగిన మాట వాస్తవమే అయినా, మొదటి వారాంతపు వసూళ్లే అంత ఖర్చుకు తగ్గట్టు లేవు కనుక, ఈ పరాజయాన్ని చరిత్ర ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

కథకు ప్రేరణ ఒక నిజ సంఘటన. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు చెందిన టిమ్ ఓవెన్స్ అనే గాయకుడు, బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ పాటలనే పాడే ఒక ట్రిబ్యూట్ బ్యాండ్‌లో ఉండేవాడు. 1990ల తొలినాళ్లలో జూడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ బ్యాండ్‌ను వదిలి వెళ్లాడు. ఓవెన్స్ ప్రదర్శన వీడియో టేపు ఒకటి ఆ బ్యాండ్ డ్రమ్మర్ చేతికి చేరింది, 1996లో అతనికి ఆ స్థానం దక్కింది. బ్యాండ్ పాత పాట ఒకదాని పేరు మీదుగా అతనికి ‘రిప్పర్’ అన్న ముద్దుపేరు కూడా వచ్చింది. మరుసటి ఏడాది ఈ ఉదంతం న్యూయార్క్ టైమ్స్‌లో కథనంగా వచ్చింది, సినిమా వాళ్ల దృష్టి దాని మీద పడింది.

స్క్రిప్టు ఇక్కడ చేసిన మార్పులు పైకి చిన్నవి. జూడాస్ ప్రీస్ట్ స్థానంలో ‘స్టీల్ డ్రాగన్’ అనే కల్పిత బ్యాండ్ వచ్చింది, ఆక్రన్ పిట్స్‌బర్గ్ అయింది, 1990ల నడుమ జరిగిన కథ 1980ల నడుమకు జరిగింది. మొదటి రెండింటికీ పెద్ద ప్రాధాన్యం లేదు. మూడో మార్పు మాత్రం కథ స్వభావాన్నే మార్చింది. 1980ల నడుమ హెవీ మెటల్ బ్యాండ్లకు వేలాది మంది పట్టే స్టేడియాలు నిండేవి, రేడియో, టీవీ రెండూ వాటి వెంట పడేవి. 1996 నాటికి ఆ వెలుగు తగ్గింది. 1991లో సియాటిల్ నుంచి వచ్చిన బ్యాండ్లు అమెరికన్ యువత వినే సంగీతాన్నే మార్చేశాయి. ఓవెన్స్ చేరింది తన మంచి రోజులు దాటి, గాయకుణ్ణి కూడా పోగొట్టుకున్న బ్యాండ్‌లో. క్రిస్ చేరింది శిఖరం మీద ఉన్న బ్యాండ్‌లో. కాలాన్ని వెనక్కి జరపడం వల్ల అతనికి దక్కే బహుమతి పెద్దదయింది, సినిమాకు కళ్లు చెదిరే వేదికలు దొరికాయి. దేవుళ్లనుకున్న వాళ్లు అలసిపోయి ఉన్నప్పుడు వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడటంలో ఉండే బాధ్యత, దిగులు, ఆ మార్పుతోనే కథలోంచి జారిపోయాయి.

ఇంకో వాస్తవాన్ని కూడా స్క్రిప్టు వదిలేసింది. ఓవెన్స్ కేవలం అనుకరించేవాడు కాదు. జూడాస్ ప్రీస్ట్‌లో చేరక ముందే, 1993లో, వింటర్స్ బేన్ అనే బ్యాండ్‌తో సొంత పాటల ఆల్బమ్ రికార్డు చేసినవాడు. క్రిస్‌కు అలాంటి గతం ఉంచకపోవడం రచనాపరంగా సమర్థనీయమే. సొంత గొంతంటూ లేనివాడు సొంత గొంతు వెతుక్కోవడం అన్న ప్రయాణానికి ఆ ఖాళీ కావాలి. అయితే ఖాళీ ఉంచినప్పుడు, దాన్ని నింపే పని కథలో ఏదో ఒక చోట కళ్లముందు జరగాలి.

ఫస్టాఫ్: అభిమానాన్ని పనిగా చూపడం

క్రిస్ పగలు జిరాక్స్ మిషన్లు బాగుచేస్తాడు, రాత్రి స్టీల్ డ్రాగన్ గాయకుడు బాబీ బీర్స్‌ను అచ్చుగుద్దినట్టు దించుతాడు. కాపీ యంత్రాల మెకానిక్ మనిషిని కాపీ కొట్టడమన్న వ్యంగ్యాన్ని ఏ పాత్ర చేతా చెప్పించకుండా వదిలేయడం రచయిత సంయమనానికి గుర్తు. ఇంకా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటాడు, స్టీల్ డ్రాగన్ పాటలు తప్ప మరొకటి పాడనంటాడు, తన బృందానికి ‘బ్లడ్ పొల్యూషన్’ అని పేరు పెట్టుకుంటాడు.

సాధారణంగా అభిమాని పాత్ర రాసేటప్పుడు గది గోడల మీద పోస్టర్లు, టికెట్ల కోసం క్యూలు, కన్నీళ్లు రాస్తారు. ఇవన్నీ అభిమానం ఉందని చెబుతాయి తప్ప అది ఎలాంటిదో చెప్పవు. ఈ స్క్రిప్టు అభిమానాన్ని ఒక పనితనంగా, ఇంకా చెప్పాలంటే ఒక పీడగా చూపింది. తన బృందంలోని గిటారిస్టు రాబ్ రికార్డులో ఉన్నట్టు వాయించడం లేదన్నది క్రిస్ ఫిర్యాదు. హెవీ మెటల్ గిటార్‌లో, పిక్ అనే చిన్న పలకతో తీగ మీటిన క్షణంలోనే బొటనవేలి అంచును ఆ తీగకు తగిలించి పుట్టించే ఒక కీచు స్వరం ఉంటుంది. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే కీచు రాదు, వచ్చినా వేరే స్థాయిలో వస్తుంది. మామూలు శ్రోతకు పట్టని ఇలాంటి తేడాలే క్రిస్‌కు అపచారాలు. ఆ తగువు రిహార్సల్ గది దాటి స్టేజీ మీద కొట్లాట దాకా పోతుంది. మరో ట్రిబ్యూట్ బ్యాండ్ గాయకుడితో ‘అసలైన నకలు ఎవరిది’ అన్న పంతం మీద జరిగే గొడవ కూడా ఇలాంటిదే. నవ్వు పుట్టిస్తుంది, కానీ రచయిత తన పాత్రను ఎగతాళి చేయడు.

రాబ్ ఇచ్చే జవాబును గుర్తుపెట్టుకోవాలి. ఎంతకాలం ఇతరుల పాటలు పాడతాం, మన పాటలు మనం రాసుకుందాం అన్నది అతని వాదన. క్రిస్ ఒప్పుకోడు. చివరికి మిగతావాళ్లు క్రిస్‌నే తీసేసి, అతను గొడవపడ్డ ఆ పోటీ గాయకుణ్ణి తెచ్చుకుంటారు. సరిగ్గా ఆ పతనం తర్వాత స్టీల్ డ్రాగన్ గిటారిస్టు కర్క్ కడీ నుంచి ఫోను వస్తుంది, ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని క్రిస్ పెట్టేస్తాడు. లాస్ ఏంజిలెస్‌కు వెళ్లాక, తన ఆరాధ్య గాయకుణ్ణి బయటికి పంపుతున్న గదిలోకే తాను అడుగుపెట్టానని అతనికి తెలుస్తుంది. అభిమాని కల నెరవేరడానికీ, అతని దేవుడు వీధిన పడటానికీ కారణం ఒకటే కావడం ఈ సినిమాలోని అత్యుత్తమమైన రచన.

మొదటి కచేరీలో క్రిస్ మెట్ల మీద నుంచి దొర్లిపడి, నెత్తురోడుతూ లేచి పాడటం మీద చాలామందికి అభ్యంతరం ఉంది, మరీ నాటకీయమని. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది. దేహంతో సహా అన్నీ అనుకరించగలిగిన వాడికి, ఎవరి టేపులోనూ లేని క్షణం ఎదురైంది. అతను మొదటిసారి తనంతట తానుగా ఏదైనా చేసింది అక్కడే. సెకండాఫ్ ఈ ఘట్టం నుంచే పుట్టి ఉండాల్సింది.

గొంతు ఎవరిది

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది స్క్రిప్టులో లేని విషయం. క్రిస్ పాడినట్టు కనిపించే పాటలు వాల్‌బర్గ్ పాడలేదు. స్టీల్‌హార్ట్ బ్యాండ్‌కు చెందిన మైక్ మాటియెవిచ్ అతనికి గొంతు ఇచ్చాడు, స్టీల్ డ్రాగన్ పాటలకు గొంతు ఇచ్చిన మరో గాయకుడు జెఫ్ స్కాట్ సోటో. నేపథ్యగానానికి అలవాటుపడిన మన చెవికి ఇది వింత కాదు గానీ, గొంతు సొంతమా అరువా అన్నదే కథావస్తువైన సినిమాలో గొంతే అరువుది కావడం గమనించదగ్గ సంగతి.

పెదవులు కలిసినంత మాత్రాన ఇలాంటి దృశ్యాలు నమ్మకం కలిగించవు. హెవీ మెటల్ గాయకుడు పై స్థాయి స్వరాన్ని పట్టుకున్నప్పుడు పొట్ట బిగుసుకుంటుంది, మెడ నరాలు తేలుతాయి, అరుపు పెరిగేకొద్దీ మైకు నోటికి దూరం జరుగుతుంది. పాట ఎత్తుకోవడానికి ముందు ఛాతీ నిండా తీసుకునే ఊపిరి కనపడకపోతే, పెదవులు ఎంత కచ్చితంగా కదిలినా ప్రేక్షకుడి కన్ను అబద్ధాన్ని పసిగడుతుంది. వాల్‌బర్గ్ అంతకుముందు ర్యాప్ బృందానికి ముఖ్య గాయకుడిగా వేదికలెక్కినవాడు, జనం ముందు మైకు పట్టుకున్నప్పుడు ఒళ్లు ఎలా ఉంటుందో తెలిసినవాడు. ఆ అనుభవం ప్రతి కచేరీ దృశ్యంలోనూ కనిపిస్తుంది.

దర్శకుడు తీసుకున్న మరో మంచి నిర్ణయం స్టీల్ డ్రాగన్ సభ్యులుగా నిజమైన వాద్యకారులను పెట్టుకోవడం. ఓజీ ఆస్బోర్న్ దగ్గర గిటార్ వాయించిన జాక్ వైల్డ్, డాకెన్ బ్యాండ్ బేసిస్టు జెఫ్ పిల్సన్, లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ కుమారుడు జేసన్ బోనమ్ అందులో ఉన్నారు. కర్క్ పాత్రలో మాత్రం డొమినిక్ వెస్ట్ అనే నటుణ్ణి తీసుకున్నారు, డైలాగుల భారమంతా ఆ పాత్రదే కాబట్టి. వేళ్లు తీగల మీద సరైన చోట పడుతున్నప్పుడు కెమెరా దాక్కోవాల్సిన అవసరం ఉండదు, ఎడిటింగ్‌లో కోతలు తగ్గుతాయి. సంగీత చిత్రం రాసేవాళ్లు తారాగణం ఎంపికను కూడా స్క్రిప్టు పనిలో భాగంగానే చూడాలని నేను చెప్పేది ఇందుకే.

సెకండాఫ్: ఉద్యోగం కనిపించని కథ

బ్యాండ్‌లో చేరి ‘ఇజ్జీ’గా మారిన క్రిస్ జీవితం తర్వాత విందులు, మాదకద్రవ్యాలు, అభిమానురాళ్లు, హోటల్ గదులుగా సాగుతుంది. బ్యాండ్ సభ్యుల భార్యలు, ప్రేయసుల బస్సులో కొన్నాళ్లు తిరిగిన ఎమిలీ, సొంత కాఫీ వ్యాపారం పెట్టుకోవడానికి సియాటిల్ వెళ్లిపోతుంది. పర్యటన ఆ ఊరు చేరినప్పుడు కలుద్దామనుకుంటారు. తీరా అక్కడికి చేరేసరికి తాను ఏ ఊళ్లో ఉన్నదీ క్రిస్‌కు తెలియదు. ఇవి చెడ్డ దృశ్యాలని అనను. అయితే ఏ వ్యసనపరుడి కథలోనైనా ఇవే ఉంటాయి, అభిమాని కథకు ప్రత్యేకంగా చెందినది వీటిలో ఒక్కటీ లేదు. రికార్డులో ఒక్క స్వరం తప్పితే సహించలేని మనిషికి, ఆ రికార్డు చేసినవాళ్లే స్టేజీ మీద అలక్ష్యంగా వాయిస్తుంటే ఏమనిపిస్తుంది? బాబీ బీర్స్ కోసం వచ్చిన జనం తనను చూసి మొదటి క్షణంలో ఎలా ముఖం పెడతారు? బ్యాండ్‌ను బ్యాండ్ కంటే బాగా ఎరిగిన కుర్రవాణ్ణి ఆ పెద్దలు ఎలా భరిస్తారు? ఫస్టాఫ్ లేవనెత్తిన ఈ ప్రశ్నలను స్క్రిప్టు విందుల హోరులో వదిలేసింది.

నేను మొదట చెప్పిన ఆ ఒక్క నిర్ణయం ఇదే: ఉద్యోగం వల్ల పుట్టాల్సిన సంఘర్షణను విలాసం వల్ల పుట్టించడం.

విచిత్రమేమిటంటే, కావలసిన దృశ్యం స్క్రిప్టులోనే ఉంది. పర్యటన ముగిశాక, కొత్త ఆల్బమ్ కోసం క్రిస్ తన ఆలోచనలు, తన పాటలు తీసుకుని వస్తాడు. కర్క్ వాటిని తోసిపుచ్చుతాడు: స్టీల్ డ్రాగన్ స్టీల్ డ్రాగన్‌గానే ఉండాలి, నిన్ను తీసుకున్నది గొంతు కోసం మాత్రమే అన్నది ఆ మాటల సారం. ఫస్టాఫ్‌లో రాబ్ చేసిన వాదన ఇప్పుడు క్రిస్ నోట వచ్చింది, అప్పుడు క్రిస్ చెప్పిన జవాబు ఇప్పుడు కర్క్ నోట వచ్చింది. ఏ గుణం అతనికి కొలువు సంపాదించిపెట్టిందో, అదే గుణం అతన్ని ఆ కొలువులో బంధించింది. ఇంత చక్కటి అద్దం లాంటి నిర్మాణాన్ని రచయిత సినిమా చివరి భాగంలో, కొద్ది నిమిషాలకు కుదించి పెట్టాడు, దాని తర్వాత కథకు మిగిలింది నిష్క్రమణ ఒక్కటే.

నిజ సంఘటనతో పోల్చి చూస్తే ఈ దృశ్యం విలువ ఇంకా పెరుగుతుంది. ఓవెన్స్ పాడిన తొలి జూడాస్ ప్రీస్ట్ ఆల్బమ్ ‘జగ్యులేటర్’ 1997లో వచ్చింది. అందులోని పాటలన్నీ బ్యాండ్ గిటారిస్టులు గ్లెన్ టిప్టన్, కె. కె. డౌనింగ్ రాసినవే. కొత్త గాయకుడి పేరు రచయితల వరుసలో లేదు. అయినా అతను మైకు మరొకరికి ఇచ్చి వెళ్లిపోలేదు. ‘రాక్ స్టార్’ థియేటర్లకు రావడానికి కొద్ది వారాల ముందే, 2001 వేసవిలో, అదే బ్యాండ్‌తో అతని రెండో స్టూడియో ఆల్బమ్ ‘డెమోలిషన్’ విడుదలైంది. 2003లో హాల్‌ఫర్డ్ తిరిగి వచ్చేదాకా అతను ఆ స్థానంలో పాడుతూనే ఉన్నాడు. తెర మీది క్రిస్ విసిగిపోయి తప్పుకుంటున్న సమయంలో అసలు మనిషి వేదికల మీద తన పని తాను చేసుకుపోతున్నాడు. తనవి కాని పాటలను, తనది కాని నీడలో, ఏళ్ల తరబడి శ్రద్ధగా పాడటంలో ఎంత కథ ఉందో స్క్రిప్టు గమనించలేదు.

స్క్రిప్టును నేను ఎలా సరిచేస్తాను

సీన్ ఆర్డర్‌లో నేను సూచించే మార్పు ప్రధానంగా ఒకటే. పాటల తిరస్కారం సినిమా నడిమికి, అంటే పర్యటన మొదలైన కొద్ది కాలానికే రావాలి. అప్పుడు ఆ తర్వాత జరిగే విందులూ మత్తూ ఆ గాయానికి ప్రతిక్రియలు అవుతాయి. ఎమిలీ వెళ్లిపోవడం కూడా ఈర్ష్యతో ముడిపడకుండా, తాను మేనేజరుగా నిలబెట్టిన గాయకుడు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని పాటలు జేబులో పెట్టుకుని తిరగడం చూడలేకపోవడంతో ముడిపడుతుంది. ఆమె పాత్రకు అది వృత్తిపరమైన గౌరవం కూడా ఇస్తుంది. ఉన్న స్క్రిప్టులో ఆమె వ్యవహారదక్షత ఫస్టాఫ్‌తోనే ఆగిపోయింది.

దీనితో పాటు పని చూపే దృశ్యాలు కొన్ని కావాలి: గొంతు బొంగురుపోయిన రాత్రి కచేరీ రద్దు చేయలేక స్వరస్థాయి తగ్గించుకోవడానికి పడే వాదన, బాబీ బీర్స్ పేరు రాసిన అట్టలు ముందు వరుసలో కనిపించే ఒక సాయంత్రం, పాత పాటలో ఒక పంక్తిని క్రిస్ తనదైన పద్ధతిలో ముగించినందుకు కర్క్ వేదిక మీదే చూసే చూపు. వీటికి అదనపు సెట్లు, జనసమూహాలు అక్కర్లేదు, ఉన్న కచేరీ దృశ్యాల్లోనే ఇమిడిపోతాయి. బదులుగా విందు దృశ్యాల్లో సగం తీసేయవచ్చు.

మైకు అప్పగించే ఘట్టాన్ని నేను ముట్టుకోను. వేదిక పక్కన నిలబడి తనతో సమానంగా పాడుతున్న అభిమానిని క్రిస్ పైకి లాగి, కచేరీ అతని చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ఆ అభిమానిగా కనిపించిన మైల్స్ కెనడీ తర్వాత ఆల్టర్ బ్రిడ్జ్ గాయకుడయ్యాడు. 2008లో అతను లెడ్ జెపెలిన్ సభ్యులు జిమ్మీ పేజ్, జాన్ పాల్ జోన్స్‌తో కలిసి రిహార్సల్స్ చేశాడు, అప్పుడు డ్రమ్స్ మీద ఉన్నది ఈ సినిమాలోని అదే జేసన్ బోనమ్. స్టీల్ డ్రాగన్ పాటలకు గొంతు అరువిచ్చిన సోటో 2006లో స్వయంగా జర్నీ బ్యాండ్‌కు మారు గాయకుడిగా వెళ్లి, మరుసటి ఏడాదే బయటికి వచ్చాడు. అతని తర్వాత ఆ స్థానంలోకి ఫిలిప్పీన్స్ నుంచి ఆర్నెల్ పినేడా వచ్చాడు. మనీలాలో అతను పాడిన జర్నీ పాటల వీడియోలను గిటారిస్టు నీల్ షాన్ యూట్యూబ్‌లో చూసి పిలిపించాడు. సినిమా తరానికి ఒక్కసారి జరిగే అద్భుతంగా చూపినది, పరిశ్రమలో అప్పుడప్పుడూ జరుగుతూ ఉండే నియామక పద్ధతి. పరిశోధన దశలోనే ఇది పట్టుకుని ఉంటే, కథను అద్భుతంగా కాక కొలువుగా రాయాలన్న ఆలోచన రచయితకు వచ్చి ఉండేది.

మిగిలింది ముగింపు. క్రిస్ సియాటిల్‌లో, జుట్టు కత్తిరించుకుని, రాబ్‌తో కలిసి, చిన్న వేదిక మీద సొంత పాట పాడతాడు, ఎమిలీ అతన్ని వెతుక్కుంటూ వస్తుంది. సొంత గొంతు దొరికిందని సినిమా ప్రకటించే ఈ పాట నిజానికి ద వర్వ్ పైప్ బ్యాండ్‌ది. ఆ బ్యాండ్ గాయకుడు బ్రయాన్ వాండర్ ఆర్క్, ఇదే సినిమాలో బ్లడ్ పొల్యూషన్ బేసిస్టుగా నటించాడు. అంటే, వాల్‌బర్గ్ ఇక్కడ కూడా పెదవులే కదుపుతున్నాడు, మారింది గొంతు అరువిచ్చిన మనిషి మాత్రమే. కచేరీ దృశ్యాల్లో అరువు గొంతు తప్పనిసరి, ఆ స్థాయిలో పాడగల నటుడు దొరకడు. ఈ ఒక్క పాటను మాత్రం వాల్‌బర్గ్ స్థాయికి దించి, లొకేషన్‌లోనే, శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా సరే, అతని చేతనే పాడించి రికార్డు చేయమని స్క్రిప్టు అంచున రాసి ఇస్తాను.